నాటకాల రోజులొచ్చాయి

సంక్రాంతి అరిసెలు డబ్బాల అడుక్కి చేరాయి. వచ్చిన అల్లుళ్ళు తిరుగు బస్సులెక్కారు. ధాన్యం ఇంటికో మిల్లుకో చేరిపోయింది. ఇక చేతులు ఖాళీ అయిన పెద్దమనుషులు పొద్దువాలగానే ఒక్కొక్కరే గ్రంథాలయం వెనకగదిలోకి జారుకుంటున్నారంటే పేకాటనుకునేరు! తలుపు దగ్గర చెవి పెట్టండి, హార్మోనియం వినబడుతుంది. శివరాత్రి జాగారానికి ఓ నాటకం, ఉగాదికి ఇంకోటి, శ్రీరామనవమి పందిట్లో మరోటి. తొలకరి పడేదాకా మన ఊళ్ళలో ఇదే వరస.

కృష్ణుడి వేషానికి ఎప్పటిలాగే ఈసారీ ముగ్గురు పోటీ. కంగారేం లేదు, దానికి మందు మనవాళ్ళు ఏనాడో కనిపెట్టారు. పడకసీనుకి ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, యుద్ధరంగానికి మూడో కృష్ణుడు. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాలు రెండూ కలిపి రాత్రంతా ఆడి, దానికి 'కురుక్షేత్రం' అని పేరు పెట్టుకున్నాక ఒక్క గొంతు తెల్లారేదాకా ఆగొద్దూ? అర్జునుడికే కష్టం. గంటకో కొత్త బావ వస్తున్నా గుర్తుపట్టి దణ్ణం పెట్టాలి.

పద్యాల మాటకొస్తే, పుస్తకంలో నాలుగు పాదాలే ఉంటాయి. స్టేజీ మీద రాగం ముగిసేలోపు బయటికెళ్ళి టీ తాగి రావచ్చు. నాటకానికి ఈ సాగతీత చేటని గొణిగే విమర్శకులు ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. నిజానికి వారి మాటలో న్యాయం ఉంది. కానీ 'వన్స్ మోర్' అనగానే కౌరవసభలో రాయబారి సంధిమాటలు ఆపేసి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటాడే, ఆ ముచ్చట లోకంలో ఇంకే సభలోనూ దొరకదు. నా ఓటు వన్స్ మోర్‌కే.

అన్నట్టు, ఈ నాటకాలకీ ప్లీడర్లకీ ఉన్న చుట్టరికం ఎప్పుడైనా గమనించారా? కందుకూరి వీరేశలింగం 1880లో రాజమహేంద్రవరంలో తన విద్యార్థుల చేత ఆడించిన 'వ్యవహార ధర్మబోధిని'లో ఎగతాళి చేసింది ప్లీడర్లనే. దాన్ని ప్లీడరు నాటకమనే అనేవారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే బళ్ళారిలో ప్లీడర్లే మొహానికి రంగు పూసుకున్నారు! పాత్రల చేత పద్యాలు పాడించే ఒరవడి దిద్దిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. అదే ఊళ్ళో పోటీ సమాజం నడిపించిన కోలాచలం శ్రీనివాసరావు వకీలు. ధర్మవరంవారి మేనల్లుడు బళ్ళారి రాఘవా వకీలే. ఆయనైతే రాగాలు తగ్గించి సహజంగా నటించండని పోరుపెట్టిన మనిషి. పద్యం తెచ్చిన మేనమామకి రాగం తగ్గించమన్న మేనల్లుడు పుట్టాడన్నమాట. వాయిదాలు ఏమయ్యేవో కక్షిదారులకే తెలియాలి. వీరేశలింగం పుట్టిన రోజు ఏప్రిల్ 16ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం కాబట్టి, ఆ రోజు ఓ ప్లీడరుగారికి దండ వేసినా తప్పులేదు.

విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం' ఇప్పటికీ కాలేజీ వార్షికోత్సవాల్లో ముక్కలు ముక్కలుగా తగులుతూనే ఉంది. మధురవాణి దొరకడం కష్టమంటారు గానీ గిరీశానికి ఎన్నడూ కరువు రాలేదు. ప్రతి ఊళ్ళోనూ రిహార్సలు అక్కర్లేని వాళ్ళు ఇద్దరు ముగ్గురుంటారు.

ఇక ఆడవేషాలు. ఒకప్పుడు మీసాలు తీసిన మగవాళ్ళే దిక్కు. బాపట్లలో పుట్టి తెనాలిలో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావు సత్యభామగా నడిచొస్తే ఆడవాళ్ళే ఆ నడక నేర్చుకోవాలని ముచ్చటపడేవారట. 1956లో పద్మశ్రీ వచ్చింది ఆ సత్యభామకే. విజయవాడ కాలేజీలో ఎన్.టి.రామారావుగారు నాగమ్మ వేషం వేస్తూ మీసం తియ్యనని భీష్మించి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్న కథ మీకు కొత్త కాదు. సురభి వాళ్ళకి మాత్రం ఈ బాధ లేదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ'తో మొదలైన ఆ కుటుంబాల్లో అత్త, కోడలు, మనవరాలు అందరూ నటీమణులే. బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలుతుంటే, నారదుడు తీగ మీద కిందికి దిగుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తారు. పెద్దలు తీగ ఎక్కడుందోనని వెతుకుతారు. సుఖపడేది పిల్లలే. అటు నిజామాబాద్ వైపు వెళితే, మగవేషమైనా ఆడవేషమైనా అవలీలగా కట్టి ఆడిన చిందు ఎల్లమ్మ పేరు యక్షగానం తెలిసిన ప్రతి గడపలోనూ వినబడుతుంది.

పరిషత్తుల కబురు చెప్పకపోతే గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళు నా మీదికొస్తారు. 1929లో తెనాలిలో నాటక కళాపరిషత్తు పుట్టింది మొదలు పోటీ నాటకం మనకో వ్యసనమైపోయింది. ఊరిబడి ఆవరణలో స్టేజీ, మూడు నాలుగు రాత్రులు వరసగా గంటేసి నాటికలు, ఎక్కడెక్కడి సమాజాలో దిగడం, వాళ్ళకి ఊళ్ళోవాళ్ళే వండి వడ్డించడం. ఒకే నటి మొదటి నాటికలో కోడలుగా ఏడ్చి, మూడో నాటికలో అత్తగా ఏడిపించి, తెల్లారేసరికి ఇంకో ఊరి పరిషత్తుకి రైలెక్కేస్తుంది. ముందువరసలో న్యాయనిర్ణేతలు గంభీరంగా మార్కులు వేసుకుంటారు. వాళ్ళ వెనక జనం అప్పటికే తీర్పు చెప్పేసి ఉంటారు. రెండూ కలిసిన ఏడు అరుదు. ఒక్క మనవి మాత్రం రచయితలకి. కొడుకు అమెరికాలో, తండ్రి వృద్ధాశ్రమంలో, చివర్లో ఓ ఉత్తరం: ఈ నాటిక ఇక చాలు బాబూ. 1940లలో మద్రాసు ప్రభుత్వం భయపడి నిషేధించేటంత 'మా భూమి' ఆడిన స్టేజీలివి. ఊళ్ళో ఇప్పుడు మండుతున్న సంగతి ఏదో ఒకటి లేకపోలేదు.

ఇక తెర వెనక్కి రండి. ముద్దశంఖం పూసుకుని వరసగా కూర్చున్న పాండవులు పిలిచినా పలకరు, రంగు పగులుతుందని. కిరీటాల పెట్టె పక్క ఊరి డ్రెస్ కంపెనీ నుంచి అద్దెకొచ్చింది. భుజకీర్తులు ఒకటి తక్కువైతే ధర్మరాజు త్యాగం చేస్తాడు, ఆయన స్వభావమే అంత. తెర ముందు పట్టాలూ జంపఖానాలూ సాయంత్రం నుంచే జాగా పట్టుకుంటున్నాయి. వేరుశనక్కాయలమ్మే అబ్బాయికి ఏ రంగం తర్వాత జనం లేస్తారో దర్శకుడి కంటే బాగా తెలుసు.

అన్నట్టు, చదివింపులు! హరిశ్చంద్రుడు కాటిసీనులో జాషువా పద్యాలందుకుని జనాన్ని కంటతడి పెట్టిస్తుంటే మైకులో ఫలానా వారు నూటపదహార్లని వినబడుతుంది. అంతే, మహారాజు శ్మశానంలోనే దుఃఖం ఆపి, నోటందుకుని, దణ్ణం పెట్టి, వదిలిన చోటునుంచే మళ్ళీ ఏడుపు అందుకుంటాడు. అదీ అభ్యాసమంటే.

సముద్రాల అవతల మనవాళ్ళూ ఏం తక్కువ తినలేదు. శనాదివారాల్లో ఇంటి బేస్‌మెంటులో రిహార్సలు, వీడియోకాల్‌లో ఇక్కడి మేష్టారు పోర్షను చెప్పించడం. చలికి దుర్యోధనుడు స్వెట్టరు మీదే మీసం మెలేస్తున్నాడట.

అసలు సంగతి ఒకటుంది. మన ఊళ్ళలో నటులకి కొదవలేదు, హార్మోనియం వాయించేవాళ్ళకే కొదవ. ఉన్న మేష్టార్లు పెద్దవాళ్ళయ్యారు, ఒకాయనే మూడు ఊళ్ళకి వాయిస్తున్నారు. నటుడు పద్యం ఎక్కడ తప్పినా శ్రుతి అందించి ఒడ్డుకి చేర్చేది ఆయనే. ఆయన లేని రాత్రి ముగ్గురు కృష్ణులున్నా నాటకం నడవదు. వేసవి సెలవుల్లో మీ పిల్లల్ని ఓ గంట ఆ వెనకగదికి పంపండి, మేష్టారు రూపాయి అడగరు. నవమి చందా పుస్తకం మీ వీధికొచ్చినప్పుడు తలుపు వేసుకోకండి. చూడటానికి టిక్కెట్టు లేదు గానీ కిరీటాలకీ మైకుకీ అద్దె కట్టాలి.