గట్టు మీది టేకు

బిచ్కుంద దాటి జుక్కల్ దారి పట్టాక ఎటు చూసినా నల్లరేగడే. వేసవిలో ఆ చేలు బీటలు వారతాయి. ఒక బీటలో చేయి పెడితే మోచేతి దాకా దిగింది. మహారాష్ట్ర, కర్ణాటక రెండూ పక్కనే కాబట్టి టీ కొట్టు దగ్గర మూడు భాషలు వినిపిస్తాయి. ఇటు వచ్చేవాళ్లు కౌలాస్ కోట చూసి పోతారు. నేను వచ్చింది ఒక రైతు చేనిగట్టు మీది టేకు చెట్ల కోసం.

"నీళ్లు లేక సచ్చినయ్ సార్" అన్నాడాయన.

ఎండాకాలంలో టేకు ఆకు రాల్చడం మామూలే, మోడును చూసి చచ్చిందనలేం. గోటితో బెరడు గీకాను. లోపల గోధుమరంగు, పొడిపొడి. వరస చివర పశువుల కొట్టం పక్కనున్న చెట్టునూ గీకాను. పచ్చటి పొర, వేలికి తడి తగిలింది.

"దీనికేం వేశారు పటేలా?"

"దీనికేం ఎయ్యలే. పెంటకుప్ప పక్కనే ఉన్నదాయె. వాటికే యూరియా ఏసిన. సోయకు తెచ్చిన దాంట్ల మిగిలింది."

సోయకు తెచ్చింది మిగిలిందంటే ఆశ్చర్యం లేదు. అది తనకు కావలసిన నత్రజనిలో చాలా భాగం వేరు బుడిపెల్లోనే సంపాదించుకుంటుంది. టేకుకు ఆ పని రాదు, వేసిందంతా తాగేస్తుంది. యూరియాలో 46 శాతం నత్రజనే. కొమ్మ సాగుతుంది, ఆకు వెడల్పవుతుంది, వేరు మాత్రం అంత వేగంగా దిగదు. వానలు పోయాక అంత ఆకుకూ నీళ్లు అందించాల్సింది ఆ కురచ వేరే. ఆకు రంధ్రాలను తెరిచి మూసేది పొటాష్. అది చాలని చెట్టు ఎండలో రంధ్రాలు సరిగ్గా మూసుకోలేదు.

అయితే రేగడిలో పొటాష్‌కు సాధారణంగా కరువుండదు. ఇక్కడి చిక్కు భాస్వరం, జింకు, ఇనుములది. సున్నం పాలు ఎక్కువైన నేలలో అవి ఉండీ వేరుకు అందవు. పైమట్టి ఎండితే ఉన్న పోషకమూ కదలదు, నీళ్లలో కరిగితేనే కదా వేరు దాకా వచ్చేది. దాహంతో పాటే ఆకలీ వస్తుంది. జాంబియాలో నీలగిరి తోటలు ఎండాకాలంలో కొసల నుంచి మాడిపోతుంటే మొదట కరువే అనుకున్నారు. చివరికి తేలింది బోరాన్ లోపం.

అలాగని ఎరువు నీళ్లకు బదులు కాదు. బ్రెజిల్‌లో పొటాష్ వేసిన నీలగిరి బాగా పెరిగింది. పెరిగిన కొద్దీ నీళ్లూ ఎక్కువ లాగి, వర్షాభావంలో వేయని చెట్లకంటే ఎక్కువ ఇబ్బంది పడింది. కొట్టం పక్క టేకు బతికింది పెంట వల్లనే అని నేనూ ఒట్టేయను. కొట్టం కడిగిన నీళ్లూ అటే పారుతున్నాయి.

ఆయన్ని వెంటబెట్టుకుని ఊరి నర్సరీకి వెళ్లాను. 2015లో హరితహారం మొదలయ్యాక పంచాయతీల్లో వెలిసిన నర్సరీల్లాంటిదే. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి ఆడవాళ్లు సంచులు నింపుతున్నారు. ముదురు పచ్చగా నిగనిగలాడే పొడుగు మొక్కలన్నీ ముందు వరసలో ఉన్నాయి, చూడ్డానికి వచ్చే అధికారుల కోసం కాబోలు. ఒకామె వెనక వరస నుంచి పొట్టి మొక్క తీసి, సంచి చింపి చూపించింది. కాండం పెన్సిలంత లావు, మట్టి ముద్ద నిండా తెల్లటి సన్నని వేర్లు.

"పొడుగుది సూడనీకే బాగుంటది సార్. నాటినంక తలకాయ ఏలాడేస్తది. గిది నిలవడ్తది."

నాటడానికి కొన్ని వారాల ముందు యూరియా ఆపి నీళ్లు తగ్గిస్తే మొక్క గట్టిపడుతుంది. పుస్తకంలో ఉన్న ఆ మాట ఆమెకు పనిలోనే తెలిసింది.

"మరి ఇప్పుడు పొటాష్ ఎయ్యాల్నా?" అన్నాడు పటేల్.

ఎండిన మట్టిలో ఏది వేసినా పడే ఉంటుందన్నాను. ముందు మట్టి పరీక్ష, వానలు పడ్డాక మొదలుకు ఎడంగా పాదు తీసి మాగిన పెంట, ఏం తక్కువో తేలాకే బస్తా. సరేనన్నాడు. కుప్పంతా గట్టుకే తోలిస్తానని ఇంట్లో చెప్పేసరికి ఆయన భార్య అడ్డం పడింది.

"మొత్తం చెట్లకే పోస్తే చేనుకేం పోస్తవ్?"

ఆయన కుప్ప వైపు చూస్తూ ఎన్ని బండ్లవుతుందో వేళ్ల మీద లెక్కేయడం మొదలుపెట్టాడు.