పలివెలలో రెండు కుప్పలు

పలివెల వచ్చేవాళ్ళు ఉమా కొప్పులింగేశ్వరుడి కోసం వస్తారు. నేనూ ముందు గుడికే వెళ్ళాను. ఆ తర్వాత మాత్రం ఊళ్ళో చెత్త రిక్షా వెంట నడిచాను. పట్టణాల చెత్త మీద వేసే గణిత నమూనాలు కోనసీమలో ఎంతవరకు నిలబడతాయో చూడాలని.

ఆ లెక్కలన్నీ జనాభాతో మొదలవుతాయి. అడ్డేమీ లేకపోతే జనం రెట్టింపవుతూనే పోతారని 1798లో మాల్థస్ రాశాడు. ఎక్కడో ఒకచోట ఆ పెరుగుదల నెమ్మదిస్తుందని 1838లో బెల్జియం గణితవేత్త వెర్హుల్‌స్ట్ సమీకరణం కట్టాడు. మన దగ్గర జరిగింది రెండోదే. 2001 నుంచి 2011 దాకా పదేళ్ళలో ఉమ్మడి తూర్పుగోదావరి జనాభా పెరిగింది సుమారు 5 శాతం. ఆ వేగంతో రెట్టింపు కావాలంటే 140 ఏళ్ళు పడుతుంది. మనిషి పారేసే చెత్త ఏటా 2 శాతం పెరుగుతుందనుకోండి, మొత్తం చెత్త 28 ఏళ్ళకే రెట్టింపు. కాబట్టి ఇక్కడ జనాభాను తప్పుపట్టి లాభం లేదు.

రిక్షా తొక్కే ఆవిడ ఒక ఇంటి ముందు ఆగి, క్యారీబ్యాగు ముడి విప్పింది. ఆనపకాయ తొక్కు, టీ పొడి, నిన్నటి అన్నం. వాటికి అంటుకుని షాంపూ ప్యాకెట్లు, ఖాళీ మాత్రల అట్ట. "ముడి విప్పి చూత్తే గానీ తెలీదండి, ఏం కట్టేసేరో," అంది. చేతికి తొడుగు లేదు. నాకు బాధేసింది.

అసలు లెక్క ఆ ముడి దగ్గరే ఉంది. కుప్ప ఎంత పెరుగుతుందంటే, వచ్చిపడే చెత్తలోంచి కుళ్ళి మాయమయ్యేది తీసేస్తే మిగిలినంత. తడి చెత్తలో సగం 90 రోజుల్లో మట్టవుతుందనుకుంటే, రోజూ అంతే పోస్తున్నా ఆ కుప్ప సుమారు 130 రోజుల చెత్త దగ్గర ఆగిపోతుంది. వందేళ్ళు పోసినా అంతే! ప్లాస్టిక్కు కుళ్ళదు గనక దానికి ఆ హద్దు లేదు. రెండూ ఒకే కవరులో కట్టేస్తే తడి చెత్త కూడా గాలాడక నెమ్మదిస్తుంది, పైగా మీథేన్ వదులుతుంది. కొబ్బరి డొక్క మధ్యరకం. ఆలస్యంగా కుళ్ళుతుంది, కానీ పీచుకి, పొట్టుకి పనికొస్తుంది. దాన్ని చెత్తలో కలపడం నాకు మరీ అన్యాయంగా తోచింది.

గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల మధ్య ఈ సీమలో ఖాళీ నేల ఏది? తవ్వి పూడ్చుదామంటే కాస్త లోతుకే నీళ్ళు. గట్టున పోస్తే కాలువలోకి, అక్కణ్ణుంచి చేలోకి. పట్టణమైన అమలాపురానికీ ఇదే ఇరుకు. తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర చెత్త వేరుగా ఇవ్వడం ఇంటివారి బాధ్యతేనని 2016 ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. పంచాయతీలు ఎన్ని ట్రిప్పులు ఎత్తామన్నది రాసుకోవడంతో ఆగకుండా, వేరు చేసి వచ్చిన తడి చెత్త ఎంతో తూకం వేసి రాయాలి. నమూనాకి కావలసిన అంకె అదే. ఆవిడకి తొడుగులు అంతకంటే ముందు కావాలి.