మా సందు కుళాయి

2019 వేసవిలో మా సందుకు పదకొండు రోజులు కుళాయి రాలేదు. బొత్తిగా రాలేదని అంటే అబద్ధమవుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మ మోటారు స్విచ్చి వేస్తే బుస్సుమని గాలి వచ్చేది, దాని వెనకాల రెండు చెంబుల ఎర్రనీళ్ళు. ఊరేమో గోదావరి ఒడ్డున ఉంది. డాబా ఎక్కితే నది కనబడుతుంది, దిగివస్తే బిందె బోసిగా కనబడుతుంది.

సందులో కాలేజీ చదువు వెలగబెడుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అర్జీ రాసే భారం నా నెత్తిన పడింది. "ఇంగ్లీషులో రాయరా, కాస్త జడుస్తారు" అన్నారు నాన్నగారు. నేను తెలుగులోనే రాశాను. కేంద్ర ప్రభుత్వం వారి లెక్క ప్రకారం పట్నవాసికి మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ఎక్కడో చదివిన సంగతి కూడా ఇరికించాను. ఇరవైమూడు సంతకాలు, రెండు వేలిముద్రలు. మొదటి సంతకం నాదే. రెండు వేలిముద్రల్లో ఒకటి చివరింటి మామ్మగారిది. వేలు తుడుచుకుంటూ "మాకు మూణ్ణెల్లబట్టీ ఇంతే నాయనా" అంది. అప్పుడా మాట నా చెవిన పడిందే గాని బుర్రకెక్కలేదు.

ఆఫీసు సంగతి పాఠకులకు నేను కొత్తగా చెప్పేదేముంది! మొదటిరోజు "ఇది మా సెక్షను కాదు". రెండోరోజు ఇంజనీరుగారు క్యాంపు. మూడోరోజు ఒక గుమాస్తా దయదలచి అర్జీ మీద ముద్ర కొట్టి నంబరు వేశాడు. "నీళ్ళెప్పుడొస్తాయండీ?" అన్నాను. "నంబరొచ్చిందిగా!" అన్నాడు.

నాకు కోపమొచ్చింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఇంకో కాగితం పెట్టాను. మా సందు వాల్వు ఏయే తేదీల్లో, ఎన్ని గంటలకు తిప్పారు, తిప్పవలసిన ఉద్యోగి ఎవరు – ఇవీ ప్రశ్నలు. జవాబుకు ముప్ఫై రోజుల గడువుంది. కాని నాలుగోరోజు తెల్లారేసరికి ఫిట్టరు సైకిలు మా సందు మొగలో ఆగింది.

అతను గుంట మూత తీసి వాల్వు చక్రం తిప్పి చూశాడు. చక్రం తిరుగుతోంది గాని లోపలి తలుపు లేవడం లేదు, మర అరిగిపోయింది. మధ్యాహ్నానికల్లా కొత్తది బిగించాడు. పదకొండు రోజుల రోగానికి మందు అంతే. నేను హీరోనైపోయాను.

మర్నాడు కుళాయి వదిలే వేళకు అతను మళ్ళీ వచ్చాడు. ప్రతి ఇంటి గోడ దగ్గరా ఆగి, పైపు మీద చెయ్యి పెట్టి చూస్తూ నడిచాడు. మా పెరటి గోడ దగ్గర ఆగి "ఈ మోటారు ఎవరిదండీ?" అన్నాడు. గోనెపట్టా కింద అర హార్సుపవరు మోటారు గుర్రుపెడుతోంది.

"తొట్టిలో పడ్డ నీళ్ళు పైకి తోడుకోండి, ఎవరూ కాదనరు. లైనుకే మోటారు తగిలిస్తే చివరింటికి ఏం మిగులుతాయి? పైగా పైపులో నీళ్ళు చాలక అది పీలుస్తుందండీ. ఎక్కడ అతుకు వదులుగా ఉంటే అక్కడ పక్కనున్న మురుగు లోపలికొస్తుంది."

పీడనాల మీద లెక్కలు చేసి ఫస్టుక్లాసు మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, నోరెత్తలేదు. సందులో అలాంటివి ఏడు తేలాయి. ఏడుగురూ నా అర్జీ మీద సంతకాలు పెట్టినవాళ్ళే. మామ్మగారి మూణ్ణెల్ల లెక్క అప్పుడు అర్థమైంది.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. "అందరూ తీస్తే మనమూ తీద్దాం" అన్నారు నాన్నగారు. అమ్మ మాత్రం పొద్దున్నే స్విచ్చి వెయ్యలేదు. వీధి కుళాయి దగ్గర బిందె పెట్టుకుని కూర్చుంది. వారం తిరిగాక నాన్నగారే మేస్త్రీని పిలిచి నేలలో తొట్టి కట్టించారు. మరి ఇద్దరు తీశారు. తక్కిన నలుగురి గోనెపట్టాలు అలాగే ఉన్నాయి. మామ్మగారి కుళాయి ధారగా కాకపోయినా వేలు లావున వస్తోంది.

ఇరవైతొమ్మిదో రోజున రిజిస్టరు పోస్టులో జవాబొచ్చింది: "మీ వీధికి నీటి సరఫరా యథావిధిగా జరుగుచున్నది." మామ్మగారికి చదివి వినిపించాను. "నీ అర్జీ మంచి అర్జీ నాయనా" అని చేతిలో అరిసె పెట్టింది. మోటారు సంగతి చెబుదామనే వెళ్ళాను. అరిసె తిని వచ్చేశాను.