ఆ చెయ్యి ఎవరిది?

'డెలివరెన్స్' మొదటిసారి ఇంజనీరింగ్ హాస్టల్లో చూశాను. ఒక లాప్‌టాప్, చుట్టూ పదిమందిమి. జాన్ బూర్మన్ 1972లో తీసిన సినిమా. డ్యామ్ కట్టి ముంచేసేలోపు ఒక అడవి నదిని చూడాలని పడవలేసుకుని బయల్దేరిన నలుగురు పట్నం మగవాళ్ళ కథ. మాకు మాత్రం మొదట్లో బాంజో వాయించే కుర్రాడే గుర్తుండిపోయాడు. పాలిపోయిన ముఖం, పలకరించినా పలకని తీరు.

మర్నాటినుంచి మన్యం నుంచి వచ్చిన ఒక జూనియర్ని 'బాంజో' అని పిలవడం మొదలుపెట్టాం. వాడు పెద్దగా మాట్లాడేవాడు కాదు. అంతకుమించి కారణమేమీ లేదు. పిలిస్తే నవ్వేవాడు. ఆ నవ్వు చూసి వాడికీ ఇష్టమే అనుకున్నాం.

ఈమధ్య ఆ సినిమా డిస్క్ కొన్నాను, ఎక్స్‌ట్రాల కోసమే. బూర్మన్ కామెంటరీ, లారెంట్ బూజెరో తీసిన నాలుగు భాగాల డాక్యుమెంటరీ ఉన్నాయి. చట్టూగా నదిలో నటులే పడవలు నడిపారు. జలపాతం మీంచి బొమ్మని పడేస్తే బొమ్మలాగే ఉందని బర్ట్ రెనాల్డ్స్ తనే దిగి నడుం విరగ్గొట్టుకున్నంత పని చేశాడు. ఇలాంటి సాహసాల కబుర్లంటే నాకు భలే సరదా.

తర్వాత బాంజో సీన్ సంగతి తెలిసింది. ఆ కుర్రాడు బిల్లీ రెడెన్, జార్జియా రాష్ట్రంలోని రేబన్ కౌంటీలో బడికెళ్ళే పిల్లాడు. వింతగా కనబడాలని గుండు గీసి, ముఖానికి పౌడర్ పూశారు. అతనికి బాంజో రాదు. వాయించడం వచ్చినవాడు వెనక దాక్కుని, ప్రత్యేకంగా కుట్టిన చొక్కా చేతిలోంచి తన చెయ్యి పెట్టి తీగల మీద వేళ్ళాడించాడు. మనకి వినబడేది ఎరిక్ వైస్‌బర్గ్, స్టీవ్ మాండెల్ వాయించిన సంగీతం.

ముఖానికున్నది పౌడర్. చెయ్యి ఒకరిది, పాట ఇంకొకరిది. వింతవాడన్న ముద్ర మాత్రం బిల్లీకి మిగిలింది, అతనితోపాటు ఆ ఊళ్ళకీ. నిజానికి ఆ సినిమాలో పట్నంవాళ్ళు ఊరివాళ్ళని చూసి వెకిలిగా నవ్వుతూనే లోపలికి అడుగుపెడతారు. మేమూ అంతే, వాళ్ళతోపాటే నవ్వాం.

టీవీ ఆపి ఫోన్ తీశాను. వాడి నంబరు ఇంకా 'బాంజో' అనే ఉంది. మారుద్దామంటే అసలు పేరు ఎంతకీ గుర్తురాలేదు. రూమ్మేట్‌కి ఫోన్ చేసి, ఆ బ్యాచ్‌లో అరకు వైపు నుంచి వచ్చినవాడి పేరేంట్రా అనడిగాను.

"ఎవడు, మన బాంజోగాడా?" అన్నాడు. కాసేపు ఆలోచించి, "ఏమో రా" అన్నాడు.