కార్డు ముక్క

కార్డు ముక్కకి కవరు లేకపోవడమే మా అమ్మ తరం వాళ్ళకి పెద్ద ఫిర్యాదు. పోస్టుమాన్ చదువుతాడు, వరండాలో పడేస్తే పక్కింటావిడ చదువుతుంది, మన ఇంటి సంగతి మనకే ఆఖర్న తెలుస్తుంది. అందుకే గుట్టు రాయాలంటే కవరు కొనేవాళ్ళు. ఆ గుట్టులేనితనమే వ్యాపారానికి అక్కరకొస్తుందని కాకినాడలో మా పిన్నిని చూశాకే తెలిసింది నాకు.

కూతురి పెళ్ళికి చేసిన అప్పు వడ్డీతో సహా మెడమీద కూర్చుంటే పిన్ని నిరుడు పచ్చళ్ళ అమ్మకం మొదలుపెట్టింది. పిల్లలు వాట్సాప్ గ్రూపు పెట్టారు. శుభోదయాల పువ్వుల కింద ఆవకాయ జాడీ కనపడందే! అప్పుడు పిన్ని బీరువాలోంచి ఓ నోటుబుక్కు తీసింది. ఆ పెళ్ళికి శుభలేఖలు పంపిన చిరునామాలు, మొత్తం 300.

"అప్పు చేసి వీళ్ళందరికీ భోజనం పెట్టానే. ఆవకాయ బావుందన్నారు కూడాను. ఇప్పుడు కొనుక్కోమందాం" అంది.

అచ్చు వేయిద్దామన్నాను. కానీ తపాలా వారి లెక్క వేరు. మామూలు కార్డు 50 పైసలు. దానిమీద విషయం అచ్చువేసి పంపితే 6 రూపాయలు. 300 కార్డులకి 150 ఎక్కడ, 1,800 ఎక్కడ! 2002లో చిరునామా వైపు ప్రకటనతో 25 పైసల మేఘదూత్ కార్డులొచ్చాయి గానీ, ఆ ప్రకటనలు పెద్ద సంస్థల కోసం. మన దేశంలో 1879లో పావు అణాకి పుట్టిన కార్డు ఇన్నేళ్ళ తర్వాతా చేత్తో రాసేవాళ్ళ పక్షమే ఉందంటే, చెప్పొద్దూ, ముచ్చటేసింది.

"నవలలు రాసే చెయ్యేగా, ఓ వంద నువ్వు రాయి" అని నా ముందు కట్ట పడేసింది పిన్ని. "వర్ణనలొద్దు. పచ్చడి పేరు, కిలో ధర, ఫోన్ నంబరు. చివర మాత్రం ఎవరికి తగ్గ ముక్క వాళ్ళకి" అంది. బావగారికి కారం తగ్గించి కలిపానని ఒకరికి, వెల్లుల్లి లేనిది విడిగా పెట్టానని ఇంకొకరికి. అన్నిటి మూలలకీ పసుపు తనే అద్దింది. అది చూసి ఎవరింట పెళ్ళని ఫోన్ చేసినవాళ్ళు లేకపోలేదు!

నెల తిరిగేసరికి 41 ఆర్డర్లొచ్చాయి. అందులో ఏడు మేం కార్డు రాయని ఇళ్ళ నుంచి. కింద వాటాలవాళ్ళూ, ఎదురింటివాళ్ళూ చదివినవన్నమాట. బాకీలో ఒక వాయిదా తీరింది, ఇంకా చాలా ఉంది. కార్తీకంలో ఉసిరికాయ కార్డులకి మళ్ళీ రమ్మంది. పెన్ను మాత్రం నేనే తెచ్చుకోవాలట.