రెండుగంటల పయనము

ఢిల్లీనగరమున నున్న మా యక్కకూఁతురు నిండుచూలాలు. వైద్యురాలు చెప్పిన దినమునకు ఇంకను వారము గడువుండఁగా, అప్పసెల్లెండ్రము మువ్వురమును విమానమున పోవ నిశ్చయించుకొంటిమి. అక్కది భూపాలపల్లి, చెల్లెలిది మహబూబాబాదు, మాది జనగామ. 2016 వఱకు మూఁడును వరంగల్లు జిల్లాలోనివే.

శంషాబాదునుండి ఢిల్లీకి ఆకాశమార్గమున సుమారు 1260 కిలోమీటర్లు. టిక్కెట్టుపై రెండుగంటల పదునైదు నిమిషములని యుండెను. గంటకు 800 కిలోమీటర్లు పోవు విమానమునకు అంత సేపేలయని సోదరీమణులకు సందేహము కలుగవచ్చును. నేలమీఁద ప్రాఁకుట, పైకెక్కుట, మెల్లఁగా దిగుట, ఇవన్నియు ఆ లెక్కలోనివే. "పండుగవంట ముగించునంత సేపే గదా!" యని అక్క మురిసెను.

కాని భూపాలపల్లికి రైలు లేదు. శంషాబాదునకు రోడ్డున సుమారు 240 కిలోమీటర్లు. పదునొకండు గంటల విమానమునకై అక్క తెల్లవాఱుజామున మూఁడు గంటలకే కారెక్కెను. చెల్లెలు ముందునాఁటి సాయంకాలమే కాజీపేటమీఁదుగా రైలులో మా యింటికి వచ్చియుండెను. పరకాల దాఁటుచుండఁగనే నొప్పులు మొదలైనవని అక్కకు ఫోను వచ్చెనఁట. జనగామలో మేము కారెక్కునప్పటికి ఆమె మాటలాడుట మానివేసినది. ఒడిలో బాలింతకాయపు సీసా మాత్రము గట్టిగా పట్టుకొనియున్నది.

త్రోవలో చెల్లెలు మామునూరు ప్రస్తావన తెచ్చినది. ఖమ్మము రోడ్డున పోవునప్పుడెల్ల ఆమె ఆ మైదానమును చూచుచునే యుండును. నిజాముకాలమున 1930లో నేర్పడిన ఆ విమానాశ్రయము 1981లో మూఁతపడినది. శంషాబాదు ఒడంబడికలో, 150 కిలోమీటర్లలోపల మఱియొక విమానాశ్రయము కూడదను నియమముండెను. ఆ చిక్కు తీఱి 2025 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వ మనుమతి నిచ్చినది. పటముపై కొలిచిచూడుఁడు, మా మూఁడూళ్లును మామునూరునకు 50 మొదలు 65 కిలోమీటర్ల లోపలనే! అంతకన్న నడిమిచోటు మా కెక్కడ దొరకును?

విమానమున అక్క కిటికీవైపు చూడనే లేదు. ఫోను కట్టివేయుఁడని చెప్పినప్పుడు మాత్రము కన్నీరు పెట్టుకొనెను. పక్కసీటులోని పంజాబీ ముసలామె, భాష రాకున్నను, ఆమె చేయి పట్టుకొని కూర్చుండెను.

ఢిల్లీలో దిగి ఫోను తెఱవఁగా వార్త యుండెను: ఆఁడపిల్ల, తల్లియు బిడ్డయు క్షేమము, పదునొకండు గంటల ముప్పదియైదు నిమిషములకు. అప్పటికి మేము గాలిలో నుండి అరగంట దాఁటినది. అక్క యిల్లు విడిచి ఎనిమిదిన్నర గంటలైనది.

"ఎనిమిది గంటలు నేలమీఁదనే పోయినవే చెల్లీ!" యని అక్క నవ్వుచునే కన్నులు తుడుచుకొనెను. టాక్సీ ఎక్కఁగానే, ఆసుపత్రి కెంతసేపని అడుగుమన్నది. నలుబది నిమిషములనెను అతఁడు. అక్క సీసామూఁత బిగించి, వ్రేళ్లు మడచి మరల లెక్కపెట్టసాగెను.