పెద్ద జట్లు వెళ్లిపోయిన తరువాత

ఆబోతులు పోట్లాడుకొంటే లేగదూడల కాళ్లు విరుగుతాయని మన పల్లెల్లో అంటారు. అమెరికా కళాశాలల ఆటలలో ఈ కొద్ది సంవత్సరములలో జరిగినది చూస్తే మాకు ఆ సామెతే గుర్తుకు వచ్చినది. మా కుమారుడు ఉద్యోగరీత్యా ఓరెగాన్ రాష్ట్రములోని కొర్వాలిస్ అనే చిన్న పట్టణములో ఉంటున్నాడు. మేమిద్దరము అతని ఇంట కొన్ని నెలలు గడిపాము. ఓరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయము ఉన్నది ఆ ఊరిలోనే.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మన పిల్లలు కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారములో ఉన్న బంతిని చేత పట్టుకొని పరుగెత్తే ఆట. దానిని చూడడానికి వేలాది మంది వస్తారు, టెలివిజన్ సంస్థలు కోట్ల డాలర్లు చెల్లిస్తాయి. ఈత, వాలీబాల్, సాఫ్ట్‌బాల్, కుస్తీ, పరుగు పందెములు మొదలైనవాటికి వచ్చే రాబడి వాటి ఖర్చులకు చాలదు. పెద్దకొడుకు సంపాదనతో తమ్ముళ్లు, చెల్లెళ్లు చదువుకొన్నట్లు, చాలాచోట్ల ఫుట్‌బాల్ సొమ్ముతోనే ఈ చిన్న ఆటలు నడుస్తాయి.

కళాశాలలు కొన్ని కలిసి ఒక కూటమిగా ఏర్పడి తమలో తాము పోటీలు పెట్టుకొంటాయి. దానినే కాన్ఫరెన్స్ అంటారు. మన మండలములోని పది ఊళ్లు కలిసి ఏటేటా కబడ్డీ పందెములు జరుపుకొంటున్నాయనుకోండి. అందులో పెద్ద ఊళ్లు, టి.వి.లో ఎక్కువ డబ్బు వస్తుందని, పంజాబు ఊళ్లతో కలిసిపోతే ఎట్లుండును? అక్కడ జరిగినది ఇంచుమించు అదే.

పసిఫిక్ సముద్రతీర ప్రాంతపు కళాశాలల కూటమి పాక్-12. తన చరిత్రను 1915 నుండి లెక్కించుకొనే పాత కూటమి అది. 2022 జూన్‌లో లాస్ ఏంజెలెస్ నగరపు రెండు పెద్ద విశ్వవిద్యాలయములు బిగ్ టెన్ అనే మరొక కూటమికి వెళ్తామని ప్రకటించాయి. ఆ ఆగస్టులోనే బిగ్ టెన్ మూడు టెలివిజన్ సంస్థలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందము కుదుర్చుకొన్నది. పాక్-12కు అటువంటి ఒప్పందము దొరకలేదు. 2023 వేసవిలో ఒకదాని వెంట ఒకటి వెళ్లిపోగా, సెప్టెంబరు మొదటి వారానికి పన్నెండింటిలో మిగిలినవి రెండే. ఒకటి కొర్వాలిస్‌లోని ఓరెగాన్ స్టేట్, రెండవది గోధుమచేల నడుమ పుల్‌మాన్ అనే ఊరిలో ఉన్న వాషింగ్టన్ స్టేట్. రెండూ వ్యవసాయ విద్యకు పేరుపొందినవే. పెద్ద నగరములు లేవు గనుక టి.వి. వారికి అవి పనికిరాలేదు.

వెళ్లినవారి పిల్లలకు మాత్రము సుఖమా? ఫుట్‌బాల్ వారమునకు ఒక్క ఆట. దూరమైనా ఓర్చుకొనవచ్చును. కాని వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలకు ఆటలు ఎక్కువ, ప్రయాణములూ ఎక్కువే. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ విశ్వవిద్యాలయములు 2024లో అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరాయి. అక్కడినుండి బోస్టన్ సుమారు 4,000 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి ఢిల్లీకి వెళ్లి తిరిగి వచ్చినా అంత దూరము రాదు. గడియారములోనే మూడు గంటల తేడా. మాకు పరిచయమైన ఒక తల్లి, కుమార్తె అటువంటి కూటమిలో ఆడుతున్నదట, “మా పిల్ల పాఠములు విమానములోనే చదువుతున్నదండీ” అని వాపోయినది. ఆ పిల్ల ఆడేది డబ్బు కొరకు కాదు, చదువు సాగించుకొనుటకు.

మిగిలిపోయినవారి కష్టము మరొక విధమైనది. 2025 జూన్‌లో వాషింగ్టన్ స్టేట్, ఆదాయము తగ్గినందున, తన అథ్లెటిక్స్ జట్టులో దూరపు పరుగులకే ప్రాధాన్యమిచ్చి, దూకుట, విసరుట వంటి పోటీలను తీసివేసినది. అదే నెలలో ఒక న్యాయస్థానపు తీర్పు వలన కళాశాలలు తమ ఆటగాండ్రకు నేరుగా డబ్బు చెల్లించవచ్చునని తేలినది. 2025-26లో ఒక్కొక్క కళాశాలకు గరిష్ఠ పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. కష్టపడినవానికి కూలి ముట్టుట న్యాయమే. అయితే అందులో ఎక్కువ భాగము ఫుట్‌బాల్‌కు, పురుషుల బాస్కెట్‌బాల్‌కు పోతే, ఈటె విసరే పిల్లవాని ఖర్చు ఎక్కడినుండి రావలెను?

ఇక మాకు సంతోషము కలిగించిన సంగతి. దిక్కులేక మిగిలిన ఆ రెండింటిని 2024లో వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే చిన్న కూటమి బాస్కెట్‌బాల్ మొదలైన అనేక ఆటలకు రెండేళ్లపాటు చేర్చుకొన్నది. అప్పుడు అందులో ఉన్నవి తొమ్మిది విద్యాలయములు. తొమ్మిదీ క్రైస్తవులు స్థాపించినవే. ఓరెగాన్ స్టేట్ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు 2024 మార్చిలో దేశములో చివరి ఎనిమిది జట్లలో ఒకటిగా నిలిచినది. కూటమి చెదరగానే ముఖ్యమైన క్రీడాకారిణులు అనేకులు వేరే కళాశాలలకు వెళ్లిపోయారు. మిగిలినవారూ కొత్తగా వచ్చినవారూ కలిసి 2025 మార్చిలో ఆ చిన్న కూటమి టోర్నమెంటు గెలిచి మరల జాతీయ పోటీలకు వెళ్లారు. మనుమరాలితో కలిసి మేము ఆ జట్టు ఆడుతుండగా చూచియున్నాము. మైదానములో ఎవరి ముఖములోనూ ‘మమ్ములను వదిలివేసినారు’ అన్న దిగులు కనబడలేదు. వారి బేస్‌బాల్ జట్టు ఏ కూటమీ లేకుండానే ఆడి, 2025 జూన్‌లో ఒమాహాలో జరిగిన కడపటి పోటీలకు చేరినది.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఆ రెండు కళాశాలలు పాక్-12ను తిరిగి కట్టుటకు ఇతర కూటములనుండి కళాశాలలను పిలిచాయి. 2026 జూలై నుండి చేరునట్లు ఒప్పుకొన్న ఏడింటిలో గొంజాగా కూడ ఉన్నది. అది తమకు ఆశ్రయమిచ్చిన ఆ చిన్న కూటమిలోనిదే! నిన్న విడువబడినవారే నేడు మరియొకరి ఇల్లు కొంత ఖాళీ చేయవలసి వచ్చినది. డబ్బు లెక్క ఒకసారి మొదలైతే అట్లే సాగును.

ఫుట్‌బాల్ ఎంత దూరమైనా పోనిమ్ము, మిగిలిన ఆటలను బస్సులో వెళ్లి వచ్చే దూరములోనే ఉంచండి అని అక్కడ పలువురు కోరుతున్నారు. మాకు అది మంచిమాటగా తోచినది. అక్కడివారికే కాదు, మనకును ఇది వర్తించును. ఇంటిలోగాని, ఊరిలోగాని, బడిలోగాని పెద్దవారు ఒక నిర్ణయము చేయునప్పుడు, దాని భారము మోయబోయే చిన్నవారిని ముందుగా ఒక్కమాట అడుగుట మంచిది. బేరము జరిగే గదిలో ఈటె విసరే పిల్లవానికి కుర్చీ ఉండదు. అతని పక్షమున ఎవరో ఒకరు మాట్లాడవలెను.